ఉబ్బసం ఇన్‌హేలర్ కూడా బీపీ మాత్రలా ఊళ్లోకి రావాలి

సంపాదకుడి గారికి,

నమస్కారం.

ఇంకో నెలలో డెల్టాలో సార్వా కోతలు మొదలవుతాయి. కోత మిషను లేపే నుసి, నూర్చిన చేలో తగలబెట్టే గడ్డి పొగ, రైసుమిల్లు ఊక దుమ్ము, ఆ వెనకే తెల్లవారుజాము మంచు, భోగి మంటలు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఏడాదిలో గడ్డు రోజులు ఇవే. కోనసీమలో కొబ్బరి పీచు తీసే చోట, భీమవరం చుట్టుపక్కల రొయ్యలు ఒలిచే షెడ్లలో పనిచేసేవాళ్లకైతే కాలంతో పని లేదు, ఆయాసం ఎప్పుడూ వెంటే ఉంటుంది. ఈ రోజుల్లో ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది: “ఇన్‌హేలర్ ఇప్పుడు వద్దులెండి, ఆయాసం బిళ్లలు ఓ పది ఇవ్వండి.” చేతిలో ఉన్న డబ్బును బట్టి వచ్చే మాట అది, అడిగినవాళ్లను తప్పు పట్టలేం. కానీ ఆ పది బిళ్లలే చివరకు ఖరీదైన వైద్యం అవుతున్నాయి. ఎందుకో లెక్కతో చెప్పడానికీ, ఇన్‌హేలర్ ఖర్చు తగ్గించుకునే దారులు చూపడానికీ, ప్రభుత్వాన్ని ఒక్కటి అడగడానికీ ఈ ఉత్తరం.

ముందు లెక్క. ఆయాసానికి షాపులో ఇచ్చే సాల్బుటమాల్ బిళ్ల 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు. అదే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌లో ఒక పఫ్‌కు, అంటే ఒకసారి నొక్కితే వచ్చేది, 100 మైక్రోగ్రాములు, రెండు పఫ్‌లు పీలిస్తే 200. అంటే బిళ్ల మింగినవాళ్ల ఒంట్లోకి 20 రెట్లు మందు వెళుతోంది. వెళ్లినా అది కడుపులోంచి రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరేసరికి అరగంట పడుతుంది, ఈలోగా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పీల్చిన మందు నేరుగా చేరాల్సిన చోటికే చేరి అయిదు నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. ధర సంగతికొస్తే, ఇన్‌హేలర్ డబ్బా మీద ఉన్న మొత్తాన్ని అందులోని పఫ్‌ల సంఖ్యతో భాగించి చూడండి. 200 పఫ్‌ల డబ్బా 160 రూపాయలు అనుకుంటే పఫ్ 80 పైసలు, ఒకసారి ఆయాసం తగ్గించుకోవడానికి రూపాయి అరవై పైసలు. బిళ్ల చవక అనుకోవడానికి ఉన్న కారణం కూడా తగ్గిపోయింది. సాల్బుటమాల్ 2, 4 మిల్లీగ్రాముల బిళ్లల గరిష్ఠ ధరను జాతీయ ఔషధ ధరల సంస్థ 2024 అక్టోబరులో 50 శాతం పెంచింది.

బిళ్లకన్నా ప్రమాదం పొట్లం. నాలుగు రంగుల మాత్రలు కలిపి, పేరు లేకుండా కాగితంలో చుట్టి ఇచ్చేదాంట్లో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉండొచ్చు. పూటలో ఆయాసం తగ్గిపోతుంది, అందుకే మళ్లీ అదే కావాలంటారు. నెలల తరబడి మింగితే మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లం వస్తుంది. ఎక్కువ కాలం వాడి ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదం, డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాలి. అయితే ఆయాసం బాగా ఎక్కువైనప్పుడు డాక్టరు అయిదు నుంచి ఏడు రోజులకు రాసే స్టెరాయిడ్ బిళ్ల ప్రెడ్నిసొలోన్ వేరు. అది ప్రాణం నిలబెట్టే మందు, దాన్ని భయపడి మానొద్దు.

ఇక్కడే ఒక పెద్ద అపోహ గురించి చెప్పాలి. ఇన్‌హేలర్ రెండు రకాలు. సాధారణంగా నీలం రంగులో ఉండే సాల్బుటమాల్, బిగుసుకున్న ఊపిరి గొట్టాలను అప్పటికప్పుడు వదులు చేస్తుంది. లోపలి వాపును అది ముట్టుకోదు. వాపు తగ్గించేది బుడెసొనైడ్, బెక్లోమెథాసోన్, ఫ్లూటికసోన్ లాంటి రోజూ పీల్చే మందు. డబ్బు తక్కువైనప్పుడు ఇంట్లో ముందు ఆగిపోయేది ఈ రెండోదే, ఎందుకంటే అది పీల్చగానే ఏమీ తెలియదు. గుణం కనిపించడానికి వారం, రెండు వారాలు పడుతుంది. “స్టెరాయిడ్ కదా” అనే భయం ఒకటి తోడు. నిజమే, స్టెరాయిడే. కానీ ఒక పఫ్‌లో సాధారణంగా ఉండేది 100, 200 మైక్రోగ్రాముల దరిదాపు. మింగే ప్రెడ్నిసొలోన్ చిన్న బిళ్లలో 5 మిల్లీగ్రాములు, అంటే 5,000 మైక్రోగ్రాములు. పీల్చాక నోరు పుక్కిలించి ఊసేస్తే నోట్లో తెల్లపూత వచ్చే అవకాశం, గొంతు బొంగురు కూడా తగ్గుతాయి.

నీలం ఇన్‌హేలర్ ఒక్కదానితో నెట్టుకురావడం మంచిది కాదని ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే ‘జినా’ 2019 నుంచీ స్పష్టంగా చెబుతోంది. ఇంట్లోనే కనిపెట్టే గుర్తు ఉంది. 200 పఫ్‌ల డబ్బా నెలకే అయిపోతోందంటే రోజుకు ఆరు పఫ్‌లు దాటుతున్నాయి. ఏడాదికి మూడు డబ్బాలు పడుతున్నా జబ్బు అదుపులో లేనట్టే. నెలకొకటి పడుతుంటే ప్రాణాపాయం దగ్గర్లో ఉందని అర్థం చేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నీలం డబ్బాల మీద పెట్టే డబ్బే రెండో మందు మీద పెడితే సూదుల ఖర్చు, నెబులైజర్ పెట్టించుకునే ఖర్చు, పోయిన కూలి మిగులుతాయి.

ఖర్చు ఎక్కడ తగ్గుతుందంటే, మొదట చీటీ దగ్గర. అయిదు మందులు రాసిన చీటీ పట్టుకొచ్చి, డబ్బు చాలక ఇన్‌హేలర్ వదిలేసి దగ్గు సిరప్పు, విటమిన్లు, అలర్జీ బిళ్లలు కొనుక్కుపోయేవాళ్లు చాలామంది. తిరగేసి చేయాలి. “డాక్టరు గారూ, నా దగ్గర ఇంతే ఉంది, వీటిలో తప్పనిసరి ఏది?” అని అడగడానికి మొహమాటపడొద్దు. చాలావరకు వచ్చే జవాబు పీల్చే స్టెరాయిడ్ అనే. ఉబ్బసానికి తరచూ రాసే మాంటెలుకాస్ట్ బిళ్ల దానికి బదులు కాదు. దాంతో కొందరిలో నిద్ర చెడి మనసు కుంగిపోతుందని అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక కూడా పెట్టింది. కాబట్టి షాపులో అడిగి నెలల తరబడి వాడుకునే బిళ్ల కాదది.

చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమనండి. అదొక్కటే సరిపోదు. ఒక పఫ్‌కు ఎన్ని మైక్రోగ్రాములు, నొక్కి పీల్చే పంపు రకమా, పరికరంలో పెట్టి లోపలి పొడి పీల్చే క్యాప్సూల్ రకమా, పూటకెన్ని అన్నవి కూడా ఉండాలి. ఇవి లేకపోతే జన్ ఔషధి కేంద్రంలో ఫార్మసిస్టు ఏమీ ఇవ్వలేక వెనక్కి పంపేస్తారు. అక్కడ మందులు బ్రాండ్ల ధరల కంటే 50 నుంచి 80 శాతం తక్కువకు దొరుకుతాయి. కానీ ప్రతి కేంద్రంలో ప్రతి మందూ ప్రతి వారం ఉండదు. ‘జన్ ఔషధి సుగమ్’ యాప్‌లో దగ్గరి కేంద్రం చూసుకుని, ముందు ఫోన్ చేసి, ఉందన్నాకే బయల్దేరండి. మలికిపురం నుంచో మొగల్తూరు నుంచో పట్నానికి వచ్చి ఖాళీ చేతుల్తో వెళ్తే మిగిలిందంతా బస్సు చార్జీకే పోతుంది. మామూలు షాపులో కొన్నా బిల్లు తీసుకోండి. మందుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో అది కనిపించాలి. ధరల నియంత్రణలో ఉన్న మందుకు గరిష్ఠ ధర ఎంతో ‘ఫార్మా సహీ దామ్’ యాప్‌లో తెలుస్తుంది.

క్యాప్సూల్ రకం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చేతికి డబ్బు వారం వారం అందే ఇళ్లకు ఇది పనికొచ్చే దారి. 120 పఫ్‌ల పంపు రోజూ రెండు పూటలా, పూటకు రెండు చొప్పున సరిగ్గా 30 రోజులు వస్తుంది, కానీ డబ్బంతా ఒక్కసారే పెట్టాలి. క్యాప్సూళ్లు పూటకొకటి అయితే నెలకు 60. డబ్బాకు 30 కాబట్టి పదిహేను రోజులకొక డబ్బా కొనుక్కోవచ్చు. పీల్చే పరికరం చవక, నెలనెలా కొనక్కర్లేదు. చిక్కల్లా మన గాలిలో ఉంది. ఈ డెల్టా తేమకు క్యాప్సూల్ మెత్తబడి పొడి గడ్డకడుతుంది. డబ్బా మూత గట్టిగా బిగించాలి. పది క్యాప్సూళ్లు విడిగా కవర్లో పోయించుకుంటే త్వరగా పాడవుతాయి, కాబట్టి మూత ఉన్న డబ్బాతోనే ఇవ్వమనాలి. పరికరంలోకి ఊపిరి వదలకూడదు, ఆ తడికి పొడి అంటుకుపోతుంది. మొహం పక్కకు తిప్పి ఊపిరి వదిలి, తర్వాత నోట్లో పెట్టుకుని ఒక్క గుక్కలో బలంగా, లోతుగా లాగాలి. లాగాక క్యాప్సూల్ చూడండి, పొడి మిగిలితే మళ్లీ లాగాలి. వీటిని నీళ్లతో మింగేస్తున్న పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డబ్బా ఇచ్చేటప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పకపోతే నెల మందు వృథా. అయిదారేళ్లలోపు పిల్లలు అంత బలంగా లాగలేరు, వాళ్లకు పంపు రకమే.

పంపు వాడే పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా లాగడం మొదలుపెడుతూనే నొక్కాలి. పదంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్‌కు అర నిమిషం ఆగి మళ్లీ ఊపాలి. నొక్కడం, లాగడం కుదరక మందు గొంతు గోడకు అంటుకుపోతుంటుంది. “పని చెయ్యట్లేదు” అని ఇన్‌హేలర్ మార్చేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే. దీనికి విరుగుడు స్పేసర్, అంటే పంపుకూ నోటికీ మధ్య పెట్టుకునే బోలు గొట్టం. కొనే స్తోమత లేకపోతే అర లీటరు నీళ్ల సీసా చాలు. 1999లో దక్షిణాఫ్రికాలో ఉబ్బసం ఎక్కువైన పిల్లల మీద చేసిన పరిశోధనలో, ఇలా చేసిన 500 మిల్లీలీటర్ల సీసా కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది.

చేయడం ఇలా. గట్టి ప్లాస్టిక్ సీసా తీసుకోండి, నొక్కితే సొట్టపోయేది వద్దు. ఇన్‌హేలర్ మూతి కోలగా ఉంటుంది. ఆ ఆకారాన్ని సీసా అడుగున పెన్నుతో గీసి, కాల్చిన తీగతో గీత లోపలివైపుగా కోయాలి. రంధ్రం ఒక పిసరు బిగువుగానే ఉండాలి, వదులైతే మందు పక్కనుంచి పోతుంది. అంచులు నున్నగా చేసి, ప్లాస్టిక్ ముక్కలు లోపల లేకుండా దులపాలి. తర్వాత గిన్నెలు తోమే సబ్బు నీటిలో ముంచి, మంచినీటితో కడగకుండా, గుడ్డతో తుడవకుండా నీడన ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కు విద్యుదావేశం వచ్చి మందంతా గోడలకే అంటుకుంటుంది, అసలు చేసిన పనే దండగ. నోట్లో పెట్టుకునే మూతి భాగం మాత్రం కడుక్కోండి. ఒకసారికి ఒకే పఫ్ నొక్కి, సీసాలోంచి అయిదారుసార్లు మామూలుగా ఊపిరి తీయాలి. నాలుగు పఫ్‌లు ఒకేసారి కొట్టి లాగితే ఉపయోగం లేదు. మూతి పెదాలతో మూయలేని పసిపిల్లలకు ముఖానికి సరిపోయే మాస్కు కావాలి.

డబ్బాలో మందుందో లేదో నీళ్లలో తేల్చి చూసే అలవాటు మానండి, అది తప్పుడు లెక్క చూపిస్తుంది, లోపలి వాల్వుకూ హాని. మిగిలిన పఫ్‌ల అంకె చూపించని డబ్బా అయితే తెరిచిన తేదీని పెన్నుతో రాసి, పూటకెన్ని వాడుతున్నారో దాన్నిబట్టి అయిపోయే తేదీ కూడా రాయండి. ఆ తేదీ దాటాక బుసబుసమన్నది గాలే, మందు కాదు. వారానికోసారి లోపలి డబ్బా బయటికి తీసి ప్లాస్టిక్ భాగం మాత్రం గోరువెచ్చని నీటితో కడగాలి, లేకపోతే రంధ్రం పూడుకుపోతుంది. రోహిణి కార్తె ఎండలో బండి డిక్కీలో వదలొద్దు.

డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన ఇంకో దారి ఉంది. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడూ రెండింటికీ వాడొచ్చు. రెండు డబ్బాల బదులు ఒకటి, నీలం కొనక్కర్లేదు. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద 12 పఫ్‌లు దాటకూడదు. ఇది ఫార్మోటెరాల్ ఉన్నదానికే వర్తిస్తుంది, సాల్మెటెరాల్ ఉన్నదాన్ని అలా వాడకూడదు. ఇంకోటి, మూడు నెలలు ఆయాసం లేకుండా గడిస్తే మోతాదు తగ్గించమని డాక్టరును అడగండి. మీకు మీరు ఆపేయడం, డాక్టరు తగ్గించడం ఒకటి కాదు. కోతల ముందు మాత్రం తగ్గించొద్దు, మందు గుణం నిలదొక్కుకునేసరికి రెండు వారాలు పడుతుంది గనక దసరా నుంచే వదలకుండా పీల్చాలి. మృగశిరకు చేప మందు తీసుకునేవాళ్లు తీసుకోండి, అది వేసుకున్నామని ఇన్‌హేలర్ పక్కన పెట్టకండి.

డబ్బు చూసుకోకూడని వేళ ఒకటుంది. ఒక్క వాక్యం ఊపిరి తీసుకోకుండా చెప్పలేకపోవడం, ముందుకు వంగి కూర్చుండిపోవడం, పెదాలు నీలంగా మారడం, అప్పటిదాకా వినిపించిన పిల్లికూతలు ఆగిపోయినా మనిషి తేరుకోకపోవడం కనిపిస్తే వెంటనే 108. బండి వచ్చేలోగా స్పేసర్‌తో నీలం ఇన్‌హేలర్ ఒక్కొక్క పఫ్ చొప్పున 4 నుంచి 10, అయిదేళ్లలోపు పిల్లలకు 2 నుంచి 6, ఇరవై నిమిషాలకోసారి ఇస్తూ ఉండండి. పడుకోబెట్టకండి.

లంక గ్రామాల వాళ్లకు వరద లెక్క వేరే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ రోజే ఇంట్లో ఉన్న పఫ్‌లు లెక్కపెట్టుకోవాలి, 17.75 అడుగుల మూడో హెచ్చరిక వచ్చాక పడవ దొరకడమే కష్టం. రేషన్ కార్డుతో పాటు ఇన్‌హేలర్, చీటీ నకలు, సీసా స్పేసర్ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. నీరు తీసిన తర్వాత తడి గోడల బూజుకు ఆయాసం తిరగబెడుతుంది. ఆషాఢ శ్రావణాల్లో చేతిలో డబ్బు ఆడనిదీ అప్పుడే.

ఇప్పుడు అడగాల్సింది. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వం ఊళ్లోనే, ఉచితంగా, నెలనెలా ఇస్తోంది. దాని వల్ల ఎంత మేలు జరుగుతోందో కళ్లారా చూస్తున్నాం. ఉబ్బసం కూడా ఏళ్ల తరబడి ఉండే జబ్బే. సాల్బుటమాల్, బుడెసొనైడ్, బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ ఇన్‌హేలర్లు మూడూ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. అంటువ్యాధులు కాని జబ్బుల జాతీయ కార్యక్రమం 2023 మార్గదర్శకాల్లో ఉబ్బసం చేరింది. అయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే సూది, నెబులైజర్ దొరుకుతాయన్న ధైర్యం ఉంది కానీ, నెలకు సరిపడా రోజువారీ ఇన్‌హేలర్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ల కోసం. చేరకుండా కాపాడే డబ్బా మాత్రం సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వస్తోంది.

కోనసీమ, తూర్పు, పశ్చిమ గోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల వైద్యాధికారులు కోతలు మొదలయ్యేలోపు మూడు పనులు చేయాలని కోరుతున్నాం. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి లాంటి పెద్ద చోట ఒకసారి ఉబ్బసం అని తేలినవాళ్లకు, ఆ చీటీ మీద సొంత ఊరి ఆరోగ్య కేంద్రంలోనే నెలనెలా రోజువారీ ఇన్‌హేలర్ ఇవ్వాలి, లంకల వాళ్లకు వరద నెలల్లో రెండు నెలలది ఒకేసారి ఇవ్వాలి. పై నుంచి సరఫరా ఆగిన నెలలో ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులతో స్థానికంగా కొనాలి. ఏఎన్ఎంలకు, ఆశాలకు సీసా స్పేసర్ చేయడం, పీల్చే పద్ధతి సరిచూడటం ఒక పూట నేర్పాలి.

పాఠకులు కూడా ఒకటి చేయొచ్చు. ఇన్‌హేలర్ లేదన్న చోట ఓపీ చీటీ మీద “స్టాకు లేదు” అని తేదీతో రాయించుకోండి. ఆ చీటీల నకళ్లు నాలుగైదు కలిపి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. ఏ కేంద్రంలో, ఏ తేదీన, ఏ మందు, ఎన్ని మైక్రోగ్రాములది లేదో అర్జీలో ఉంటే దాన్ని సంబంధిత అధికారికి పంపడం తేలిక. అర్జీ నంబరు తీసుకోవడం మరవొద్దు, పదిహేను రోజుల తర్వాత అడగడానికి అదే ఆధారం.

ఇట్లు,
కొందరు ఫార్మసిస్టులు, ఆరోగ్య కార్యకర్తలు
అమలాపురం